పాపెల్ అడగని రేవు: ‘కోడ్ 46’ సినిమా, ఎమిరేట్స్ సరిహద్దు

2003 సెప్టెంబరులో వెనిస్ చలనచిత్రోత్సవంలో ప్రదర్శితమైన ‘కోడ్ 46’ అనే బ్రిటిష్ సినిమాలో ఇద్దరు ప్రేమికులు షాంఘై నుంచి పారిపోవలసి వస్తుంది. ఆ సినిమా ఊహించిన సమీప భవిష్యత్తులో ఒక నగరం నుంచి మరొక నగరానికి వెళ్లాలంటే ‘పాపెల్’ అనే అనుమతి పత్రం తప్పనిసరి. అది అడగని చోటుగా వారికి తోచింది ఒకటే. దాని పేరు జెబెల్ అలీ. ఈ పేరు దర్శకుడి కల్పన కాదు. దుబాయికి నైరుతి దిక్కున సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ రేవు 1979లో ప్రారంభమైంది. 1985లో దాని పక్కనే స్వేచ్ఛా వాణిజ్య మండలం ఏర్పడింది. మనుషులు తవ్వి కట్టిన రేవుల్లో ప్రపంచంలోకెల్లా పెద్దదిగా దాన్ని చెప్పుకుంటారు. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల పల్లెల్లో ఈ పేరు తెలియని ఇల్లు అరుదు. అయితే అక్కడివారికి అది రేవుగా కన్నా కార్మికుల క్యాంపుల చిరునామాగానే ఎక్కువ పరిచయం.

సినిమా జెబెల్ అలీని పత్రాలు అడగని చోటుగా ఊహించిన ఆ సంవత్సరాల్లోనే, అదే దేశం తన సరిహద్దు ద్వారాల దగ్గర మనుషుల కళ్లను చదివే యంత్రాలను నిలబెడుతోంది. ఒక దేశపు సరిహద్దులన్నిటినీ కలుపుతూ ఆ స్థాయిలో జరిగిన తొలి ప్రయత్నం అదే. కల్పన ఒక దారిలో, చరిత్ర దానికి ఎదురుదారిలో నడిచిన ఈ సందర్భాన్ని సినీ విమర్శకులు పెద్దగా పట్టించుకోలేదు. గల్ఫ్ వలసల చరిత్ర రాసేవారికి ఈ సినిమాతో పని పడలేదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడవలసిన అవసరం తెలుగువారికి ఉంది. ఆ యంత్రాల ముందు నిలబడినవారిలో తెలుగువారూ ఉన్నారు కాబట్టి.

దర్శకుడు మైకేల్ వింటర్‌బాటమ్ అంతకు ముందు తీసిన సినిమా ‘ఇన్ దిస్ వరల్డ్’. పెషావర్ దగ్గరి శంషతూ శరణార్థి శిబిరం నుంచి ఇద్దరు ఆఫ్ఘన్ యువకులు దొంగదారిన లండన్‌కు బయలుదేరడం దాని కథ. నటించినవారు నిజమైన శరణార్థులే. చిన్న డిజిటల్ కెమెరాతో, డాక్యుమెంటరీలా తీసిన ఆ సినిమాకు 2003 ఫిబ్రవరిలో బెర్లిన్ ఉత్సవంలో బంగారు ఎలుగు పురస్కారం వచ్చింది. ఆ ప్రయాణంలో వింటర్‌బాటమ్ బృందం కళ్లారా చూసింది ఒక్కటే: కాగితం ఉన్నవాడు విమానంలో కొన్ని గంటల్లో దాటే దూరాన్ని, కాగితం లేనివాడు నెలల తరబడి, ప్రాణాలొడ్డి దాటాలి. కథలోని ఇద్దరిలో ఒకడు ఇటలీకి వెళ్లే ఓడలో, మూసివేసిన కంటెయినర్‌లో ఊపిరాడక చనిపోతాడు. ఆ అనుభవాన్ని భవిష్యత్తులోకి జరిపి చూస్తే వచ్చిందే ‘కోడ్ 46’. ఫ్రాంక్ కాట్రెల్ బోయ్స్ రచన చేశాడు. టిమ్ రాబిన్స్, సమంతా మోర్టన్ నాయికానాయకులు. మన ఓం పురి కూడా ఒక పాత్రలో కనిపిస్తాడు. ఖర్చు సుమారు 75 లక్షల డాలర్లు. అంతకు ముందు ఏడాది వచ్చిన, కళ్లను చదివే యంత్రాలనే చూపించిన హాలీవుడ్ చిత్రం ‘మైనారిటీ రిపోర్ట్’కు పది కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. ఈ పోలిక వింటర్‌బాటమ్ ఎంత తక్కువ డబ్బుతో భవిష్యత్తును కట్టవలసి వచ్చిందో చెబుతుంది.

కట్టలేదు కూడా. సెట్లు వేసే స్తోమత లేక, భవిష్యత్తులా కనిపించే వర్తమానాన్ని వెతుక్కుంటూ షాంఘై, దుబాయి, రాజస్థాన్‌లకు వెళ్లాడు. ఆ మూడు చోట్ల తీసిన దృశ్యాలను అతికించి ఒకే ప్రపంచంగా చూపించాడు. అందుకే సినిమాలోని షాంఘై చుట్టూ ఎడారి ఉంటుంది. నిజమైన షాంఘై చుట్టుపక్కల ఉండేవి నీళ్లు, వరిచేలు. ఆ ఎడారి దుబాయిది. 2003 నాటి దుబాయిని ఒకసారి గుర్తు చేసుకోవాలి. బుర్జ్ అల్ అరబ్ హోటల్ 1999లో తెరుచుకుంది. షేక్ జాయెద్ రోడ్డు మీద ఎమిరేట్స్ టవర్లు లేచి నిండా మూడేళ్లయింది. బుర్జ్ ఖలీఫాకు ఇంకా పునాది పడలేదు. గాజు భవనాల వరుస, దాని వెనుక ఒక్క వీధి దాటగానే ఇసుక. ఈ దృశ్యానికి ప్రత్యేక హంగులేవీ అవసరం లేకపోయాయి. లోపలివారు గాజు వెనుక, బయటివారు ఇసుకలో. సినిమాకు కావలసిన సామాజిక చిత్రం నగర రచనలోనే సిద్ధంగా ఉంది.

కథ క్లుప్తంగా ఇది. విలియం గెల్డ్ సియాటిల్ నుంచి షాంఘైకి వచ్చిన బీమా పరిశోధకుడు. ‘స్ఫింక్స్’ అనే సంస్థ పాపెల్‌లను జారీ చేస్తుంది. అందులో ఎవరో దొంగ పాపెల్‌లు బయటికి చేరవేస్తున్నారు. ఎదుటి మనిషి మనసు తెలుసుకునే శక్తినిచ్చే ఒక వైరస్‌ను విలియం శరీరంలోకి ఎక్కించుకుని వచ్చాడు. దాని సాయంతో దొంగ మరియా అనే ఉద్యోగిని అని కనిపెడతాడు. కనిపెట్టి కూడా ఆమెను పట్టివ్వడు. ప్రేమలో పడతాడు. తరువాత తెలిసేది, ఆమె అతని తల్లికి క్లోన్ అని. తల్లి పోలిక గల స్త్రీ, స్ఫింక్స్ అనే పేరు: ఈడిపస్ కథను ఇంతకన్నా బాహాటంగా గుర్తు చేయడం కష్టం. జన్యుపరంగా దగ్గరివారు సంతానం కనకూడదని శాసించే చట్టమే కోడ్ 46. మనిషి కణంలోని క్రోమోజోముల సంఖ్య కూడా 46 అన్నది వైద్యులకు వెంటనే తట్టే విషయం.

విమర్శకులు చాలామంది ఈ ప్రేమకథ దగ్గరే ఆగిపోయారు. ప్రేమకథగా చూస్తే ఈ సినిమా బలహీనమైనదే. నాయకుడి మొహంలో వ్యామోహం కన్నా అలసట ఎక్కువ కనిపిస్తుంది. మనసు చదివే వైరస్ వైద్యశాస్త్రానికి ఏ మాత్రం అందని కల్పన. సినిమా బలమంతా పక్కన పెట్టిన చిన్న పాత్రల్లో, చిన్న వివరాల్లో ఉంది. పాత్రలు మాట్లాడే ఇంగ్లీషులో స్పానిష్, అరబ్బీ, ఫార్సీ, చైనా మాటలు దొర్లుతుంటాయి. పాపెల్ అన్నది స్పానిష్‌లో కాగితం అనే మాటే. దుబాయి నిర్మాణ స్థలంలో ఒక్కరోజు నిలబడినవారికి ఈ భాష వింతగా అనిపించదు. ఫోర్‌మన్ హిందీ, సూపర్‌వైజర్ మలయాళం, అరబాబు అరబ్బీ కలిసి తయారైన పనిభాష తెలుగు కార్మికుడికి నెల తిరిగేలోగా పట్టుబడుతుంది. పని వదిలి, వీసా లేకుండా మిగిలిపోయినవాణ్ణి ‘ఖల్లివెల్లి’ అనడం అక్కడి నుంచి వచ్చిందే. అరబ్బీలో ‘పోనీలే, వదిలెయ్’ అన్న అర్థంలో వాడే మాట, తెలంగాణ పల్లెలకు చేరేసరికి ఒక మనిషి చట్టపరమైన స్థితికి పేరైంది. సినిమాలో పత్రం లేక నగరాల వెలుపల బతికేవారిని సూచించే మాట ‘ఆల్ ఫ్యురా’, బయట అని. ఖల్లివెల్లి దానికి సరిజోడు.

పాపెల్ వెనుక ఉన్న తర్కం మరింత గమనించదగినది. దానికి సినిమాలో మరో పేరు ‘కవర్’. అంటే బీమా రక్షణ. అనుమతిని నిరాకరించేది నియంతృత్వ ప్రభుత్వం కాదు, బీమా సంస్థ. నిరాకరణ కూడా నీ మంచికే అన్న ధోరణిలో ఉంటుంది. దామియన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త గబ్బిలాలను పరిశీలించడానికి ఢిల్లీ వెళ్లాలని ఎనిమిదేళ్లు దరఖాస్తు పెడుతూనే ఉంటాడు. ప్రతిసారీ తిరస్కారమే. కారణం చెప్పరు. మరియా అతనికి దొంగ పాపెల్ ఇస్తుంది. అతను ఢిల్లీ చేరి, అక్కడి ఒక వైరస్‌కు తన శరీరం తట్టుకోలేక చనిపోతాడు. అంటే సంస్థకు తెలుసు. అతని శరీరం గురించి అతనికన్నా దానికే ఎక్కువ తెలుసు. ఇది ఈ సినిమాలో అన్నిటికన్నా నిజాయితీగల ఘట్టం. నిఘాను దుష్టత్వంగా చూపడం సులువు. అది కొన్నిసార్లు సరిగ్గానే ఉంటుందని ఒప్పుకుంటూ ప్రశ్నించడం కష్టం.

శరీరాన్ని పరీక్షించి ప్రయాణానికి అర్హత నిర్ణయించడం గల్ఫ్‌కు వెళ్లే తెలుగువారికి కల్పన కాదు. గల్ఫ్ దేశాలు గుర్తించిన వైద్య కేంద్రాల్లో చేసే పరీక్షను అందరూ గామ్కా మెడికల్ అనే పిలుస్తూ వచ్చారు. రక్తం, ఛాతీ ఎక్స్‌రే, చివరికి ఒక్క మాట: ఫిట్ లేదా అన్‌ఫిట్. ఎమిరేట్స్‌లో దిగాక నివాస వీసాకు ముందు మళ్లీ పరీక్ష ఉంటుంది. హెచ్ఐవి ఉన్నట్టు తేలితే దేశం నుంచి పంపించివేస్తారు. ఊపిరితిత్తుల్లో పాత క్షయ మచ్చ కనిపించినా ఎన్నో ఏళ్లపాటు చాలామంది ప్రయాణాలు అక్కడే ఆగిపోయాయి. వైద్యుడి దృష్టిలో ఆ మచ్చ శరీరం వ్యాధిని గెలిచిన గుర్తు. సరిహద్దు దృష్టిలో అదే అనర్హత. చిన్నప్పుడు వచ్చి, మందులతో తగ్గిపోయి, ఇంట్లోవాళ్లు కూడా మరిచిపోయిన జబ్బు ముప్పై ఏళ్ల వయసులో ఎక్స్‌రే ఫిల్ము మీద తెల్లటి చుక్కగా తిరిగి వస్తుంది. ఇళ్లలో పనికి వెళ్లే స్త్రీలకు గర్భ పరీక్ష కూడా చేస్తారు. సినిమాలో మరియాను క్లినిక్‌కు తీసుకుపోయి, గర్భాన్నీ దానికి సంబంధించిన జ్ఞాపకాన్నీ తొలగిస్తారు. జ్ఞాపకాన్ని తొలగించే విద్య ఇంకా ఎవరికీ చేతకాలేదు. గర్భాన్ని ప్రవేశార్హతకు ముడిపెట్టడం మాత్రం పాత సంగతే.

కూలివాడి శరీరమే అతని కాగితం కావడానికి ఇంకా పాత చరిత్ర ఉంది. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి, రాజ్యధర్ కోనాయి అనే గుత్తేదారుతో ఒప్పందం చేసుకుంటూ, అతను తరువాత మాట మార్చకుండా అతని అరచేతి ముద్ర వేయించుకున్నాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం ఏర్పడింది. ముద్రలను వర్గీకరించే పద్ధతి రూపొందించడంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ ఉద్యోగుల శ్రమ ఉంది. పేరు మాత్రం వారి పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది. 1860లో మద్రాసు రేవు నుంచి ‘ట్రూరో’ అనే ఓడ తొలి ఒప్పంద కూలీలను దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు చేర్చింది. ఆ వలసలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. అక్కడికి దగ్గరలోని ట్రాన్స్‌వాల్‌లో భారతీయులందరూ వేలిముద్రలు ఇచ్చి నమోదు కావాలన్న ఆజ్ఞ మీదనే 1906లో గాంధీ ఉద్యమం మొదలైంది. 1908 ఆగస్టులో జొహానెస్‌బర్గ్ హమీదియా మసీదు ఆవరణలో నమోదు పత్రాలను కుప్పపోసి తగలబెట్టారు. కాగితాన్ని తగలబెట్టవచ్చు. వేలిని, కంటిని తగలబెట్టే వీలు లేదు. సరిహద్దులు కాగితం నుంచి శరీరం వైపు జరగడానికి ఇదే కారణం.

ఎమిరేట్స్‌లో సమస్య ఇలా మొదలైంది. వీసా గడువు దాటినవారిని, యజమాని పారిపోయాడని ఫిర్యాదు చేసినవారిని, చిన్నా పెద్దా నేరాలు చేసినవారిని దేశం నుంచి పంపించేవారు. వారిలో కొందరు స్వదేశంలో మరో పేరుతో, మరో పుట్టినతేదీతో పాస్‌పోర్టు సంపాదించి తిరిగి వచ్చేవారు. అప్పులు అలాగే ఉన్నాయి, దాన్ని తీర్చగల పని అక్కడే ఉంది. మనిషికి పేరు మారితే చాలు, అధికారికి అతను కొత్తవాడే. ఇంటిపేరు ముందో వెనుకో తెలియని, అరబ్బీలో రాస్తే సగం అక్షరాలు పోయే తెలుగు పేర్లతో ఈ పని మరీ సులువు. దీనికి విరుగుడుగా ఎమిరేట్స్ అంతర్గత మంత్రిత్వ శాఖ ఎంచుకున్నది ఐరిస్. అంటే కనుపాప చుట్టూ ఉండే రంగు వలయం.

దాన్ని గుర్తింపుకు వాడవచ్చన్న ఊహ కంటి వైద్యులది. లియొనార్డ్ ఫ్లామ్, అరాన్ సఫీర్ అనే ఇద్దరు అమెరికన్ నేత్రవైద్యులు 1987లో ఆ ఊహకు పేటెంటు పొందారు. దాన్ని సాధించిన గణితం కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ డౌగ్‌మన్‌ది. 1994లో అతనికి పేటెంటు వచ్చింది. తల్లి కడుపులో మూడో నెలలో ఏర్పడటం మొదలై, ఎనిమిదో నెలకు దాదాపు పూర్తయ్యే ఈ వలయంలో పోగులు, గుంతలు, మడతలు ఒక నిర్దిష్ట నమూనా లేకుండా అల్లుకుంటాయి. నల్లటి కళ్లలో ఇవి మామూలు వెలుతురులో కనిపించవు. పరారుణ కాంతిలో మెలనిన్ అడ్డు తొలగి స్పష్టమవుతాయి. ఆసియా, ఆఫ్రికా కూలీల కళ్లను చదవడానికి ఈ ఒక్క భౌతిక ధర్మమే కీలకమైంది. ఆ అల్లికను డౌగ్‌మన్ పద్ధతి 2048 సున్నాలు, ఒకట్లుగా మారుస్తుంది. ఇద్దరు వేర్వేరు వ్యక్తుల కళ్లను పోలిస్తే వాటిలో దాదాపు సగం తేడా వస్తాయి. ఒకే కంటిని రెండుసార్లు తీస్తే తేడా మూడో వంతుకు చాలా లోపునే ఉంటుంది. మధ్యలో ఖాళీ. ఆ ఖాళీయే ఈ పద్ధతికి బలం.

2001లో మొదలైన ఈ ఏర్పాటు కొద్ది సంవత్సరాల్లో ఎమిరేట్స్ విమాన, సముద్ర, భూ ద్వారాలన్నిటికీ విస్తరించింది. పంపించివేసే ముందు మనిషి కళ్లను నమోదు చేస్తారు. కొత్త వీసా మీద దిగేవారి కళ్లను ఆ జాబితాతో పోలుస్తారు. యంత్రం అడిగే ప్రశ్న ‘నువ్వెవరు?’ అని కాదు. ‘నిన్ను ఇదివరకు పంపించామా?’ అని మాత్రమే. పేరు, ఊరు, మతం, అప్పు, ఏదీ దానికి అక్కరలేదు.

దీన్ని మోసగించడానికి జరిగిన ప్రయత్నం ఒకటి వైద్యులకు ఆసక్తికరం. కొందరు విమానం దిగేముందు కనుపాప పెద్దదయ్యే చుక్కల మందు వేసుకునేవారు. కంటి పరీక్షకు ముందు వేసే అట్రోపిన్ వంటి మందు అది. కనుపాప విచ్చుకుంటే చుట్టూ వలయం సన్నని గీతగా కుదించుకుపోతుంది. పోల్చడానికి అల్లిక మిగలదు. ఎమిరేట్స్ అధికారులు ఈ సంగతి పసిగట్టి, మందు వేసిన కంటిని ముందే గుర్తించే ఏర్పాటు చేసుకున్నారు. ఆ మందు వేసుకున్నవారికి దగ్గరి అక్షరాలు మసకబారతాయి, వెలుతురు భరించలేరు. చేతిలోని పాస్‌పోర్టులో తనకు పెట్టిన కొత్త పేరును తానే చదవలేని స్థితిలో కౌంటరు ముందు నిలబడిన మనిషి కోడ్ 46 రచయితకు తట్టలేదు. తట్టి ఉంటే సినిమాలో అన్నిటికన్నా మంచి దృశ్యం అదే అయ్యేది.

ఈ యంత్రం ఎవరిని పట్టదో కూడా చూడాలి. 2010 జనవరి 19న హమాస్ నాయకుడు మహమూద్ అల్ మబ్‌హూ దుబాయిలో ఒక హోటల్ గదిలో హత్యకు గురయ్యాడు. హంతకులు బ్రిటన్, ఐర్లండ్, ఆస్ట్రేలియా, ఫ్రాన్స్, జర్మనీ దేశాల దొంగ పాస్‌పోర్టులతో దర్జాగా సరిహద్దు దాటి వచ్చారు, అలాగే వెళ్లిపోయారు. వారిని ఇదివరకు ఎవరూ పంపించివేయలేదు కాబట్టి కళ్ల జాబితాకు వారితో పని లేదు. ఆ తరువాత దుబాయి పోలీసులు విమానాశ్రయం, హోటళ్లు, దుకాణాల కెమెరాల దృశ్యాలను ఒకదాని పక్కన ఒకటి చేర్చి, రెండు డజన్లకు పైగా అనుమానితుల కదలికలను ప్రపంచానికి చూపించారు. అది మొసాద్ పని అన్నారు. ఇజ్రాయెల్ ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. సరిహద్దులో గూఢచారి దొరకలేదు. అప్పు తీరక తిరిగి వచ్చిన మేస్త్రీ దొరికేవాడు. 2018 జనవరిలో దుబాయి పోలీసులు నగర కెమెరాలను ముఖాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌తో జోడించిన పథకానికి ‘ఒయూన్’ అని పేరు పెట్టారు. అరబ్బీలో కళ్లు అని అర్థం. అదే ఏడాది దుబాయి విమానాశ్రయం మూడో టెర్మినల్‌లో ‘స్మార్ట్ టనెల్’ వచ్చింది. పాస్‌పోర్టు తీయకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా నడిచి వెళ్లిపోవచ్చు. తరచు ప్రయాణించే తెలుగు ఉద్యోగికి అది సౌకర్యం. యంత్రాల స్వభావం ఒకటే, ఎటువైపు నిలబడ్డామన్నదే తేడా.

ఇక్కడే ‘కోడ్ 46’ అంచనా తప్పింది. ఆ సినిమాలో పత్రం లేనివారు నగరం బయట, ఎడారిలో ఉంటారు. తనిఖీ కేంద్రం దగ్గర కార్ల అద్దాలు తట్టి ఏదో అమ్ముకుంటారు. నగరానికి వారి అవసరం లేదు. దుబాయి చరిత్ర అలా నడవలేదు. బయటివాళ్లే లోపలి నగరాన్ని కట్టారు. ముహైస్నాలోని సోనాపూర్, అల్ ఖూజ్, జెబెల్ అలీ క్యాంపుల నుంచి తెల్లవారకముందే బస్సుల్లో బయలుదేరి, గాజు భవనాల్లో పని చేసి, చీకటి పడ్డాక మళ్లీ ఇసుక అంచుకు చేరుకునేవారు. సోనాపూర్ అంటే బంగారు ఊరు. ఆ పేరు పెట్టింది ఉపఖండం నుంచి వెళ్లిన కార్మికులే. అందులో ఎంత ఆశ, ఎంత వెటకారం ఉన్నాయో విడదీసి చెప్పడం కష్టం. వారి వీసా యజమాని చేతిలో ఉంటుంది. అంటే గోడ నగరం చుట్టూ లేదు, ప్రతి మనిషి చుట్టూ విడిగా ఉంది. యజమాని ఒక్క ఫిర్యాదు చేస్తే, ఉన్నచోటే నిలబడి ఉన్న మనిషి ఒక్కరోజులో ‘బయట’కు వెళ్లిపోతాడు.

సినిమాలో ఈ సత్యం ఒక్కసారి, విలియం విషయంలో తొంగిచూస్తుంది. షాంఘై వదిలి వెళ్లబోతే అతని సొంత పాపెల్‌కు గడువు తీరిపోయి ఉంటుంది. విమానాశ్రయం అతన్ని వెనక్కి పంపుతుంది. అంతవరకు దొంగలను పట్టిన పరిశోధకుడు, దొంగ పాపెల్ కోసం మరియా దగ్గరికే వెళ్లవలసి వస్తుంది. ఎమిరేట్స్‌లో గడువు దాటినవారికి ఈ స్థితి రోజులు కాదు, ఏళ్ల తరబడి సాగుతుంది. ఉండడానికి వీల్లేదు, వెళ్లడానికీ వీల్లేదు. జరిమానా రోజురోజుకూ పెరుగుతుంది. 1996, 2003, 2007, 2012, 2018, 2024 సంవత్సరాల్లో ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడు భారత కాన్సులేట్ ముందు ఔట్‌పాస్ కోసం వరుసల్లో నిలబడినవారిలో తెలుగువారు ప్రతిసారీ ఉన్నారు. ఔట్‌పాస్ ఒకవైపే పనిచేసే పాపెల్. ‘కోడ్ 46’ వెనిస్‌లో ప్రదర్శితమైన ఏడాదే అటువంటి క్షమాభిక్ష కూడా నడిచింది.

ఈ విషయం తెలుగు సినిమాకు పూర్తిగా అందలేదని అనలేము. పి. సునీల్ కుమార్ రెడ్డి 2017లో ‘గల్ఫ్’ తీశాడు. ఎమిరేట్స్‌లోనే 2016లో ఎస్.ఎ. జైదీ ‘ఏరియల్స్’ అనే చిన్న బడ్జెట్ సైన్స్ ఫిక్షన్ తీశాడు. దుబాయి ఆకాశంలో గ్రహాంతరవాసుల ఓడలు నిలిచిపోవడం దాని ఇతివృత్తం. ఒకటి కూలీ కథను సామాజిక సమస్యగా, రెండోది నగరాన్ని అద్భుతంగా చూశాయి. కూలీ గుర్తింపును శాస్త్ర కల్పనగా చూసే తెలుగు సినిమా ఇంకా రావలసి ఉంది.

జన్యువుల సంగతి మిగిలింది. కోడ్ 46 ప్రపంచంలో జన్యువే గుర్తింపు. మరియా విలియం తల్లికి క్లోన్ కాబట్టి, ఆ రాజ్యం లెక్కలో వారిద్దరూ ఒకటే. ఐరిస్ అల్లిక మాత్రం జన్యువుల మాట వినదు. ఒకే పిండం నుంచి పుట్టిన కవలల అల్లికలు వేరు. ఒకే మనిషి కుడి, ఎడమ కళ్ల అల్లికలు కూడా వేరు. మరియా, విలియం తల్లి ఎమిరేట్స్ యంత్రం ముందు నిలబడితే అది వారిని ఇద్దరు అపరిచితులుగా చూస్తుంది. సినిమా ఊహించిన రాజ్యం మనిషి వంశాన్ని చదువుతుంది. చరిత్రలో వచ్చిన రాజ్యానికి వంశంతో పని లేదు. తాను ఒకసారి వెళ్లగొట్టిన ఈ ఒక్క మనిషి మళ్లీ రాకూడదు, అంతే. ఏది మరింత క్రూరమో తేల్చడం సులువు కాదు. సినిమా రాజ్యంలో కనీసం ఒక కారణం చెబుతారు.

2006లో డౌగ్‌మన్ ఒక పరిశోధనా పత్రం ప్రచురించాడు. ఎమిరేట్స్ సరిహద్దులో సేకరించిన 6,32,500 ఐరిస్ చిత్రాలను ఒకదానితో ఒకటి పోల్చి, అంటే 20,000 కోట్ల పోలికలు చేసి, తన పద్ధతి తప్పు చేసే అవకాశం ఎంత స్వల్పమో చూపించాడు. ఆ కళ్లు 152 దేశాల పౌరులవి. ఏ ప్రయోగశాలా అంత పెద్ద సంఖ్యలో కళ్లను సమకూర్చుకోలేదు. వైద్య పరిశోధనలో ఒక్క రోగి రక్తం తీసుకోవాలన్నా సంతకం చేసిన అంగీకార పత్రం కావాలి. సరిహద్దులో నిలబెట్టి తీసిన కళ్లు ఒక శాస్త్రానికి పునాది సమాచారమయ్యాయి. ఏ నైతిక సంఘం ముందుకైనా ఇది వెళ్లి ఉంటే తొలి ప్రశ్న దీని గురించే వచ్చేది.

ఆ పునాది మీద తరువాత లేచిన అతి పెద్ద కట్టడం ఆధార్. 2010 సెప్టెంబరులో మహారాష్ట్రలోని తెంభ్లీ గ్రామంలో తొలి ఆధార్ సంఖ్యలు ఇచ్చారు. పది వేళ్లతో పాటు రెండు కళ్లూ నమోదయ్యాయి. ఆంధ్రప్రదేశ్ అంతకు ముందే, 2005 తరువాతి సంవత్సరాల్లో, రేషన్ కార్డుల కోసం కంటి ముద్రలు తీయడం మొదలుపెట్టింది. ఆ రోజుల్లో కరీంనగర్ జిల్లాలోని ఒక ఇంట్లో తండ్రి కళ్లు దుబాయిలో పంపించివేతకు, తల్లి కళ్లు ఊళ్లో బియ్యానికి నమోదయ్యే వీలుండేది.

‘కోడ్ 46’ చివర విలియం జ్ఞాపకాన్ని తుడిచి, సియాటిల్‌లోని భార్యాబిడ్డల దగ్గరికి పంపిస్తారు. అతను సంతోషంగానే ఉంటాడు. మరియాను ఎడారిలోకి వెళ్లగొడతారు, జ్ఞాపకాన్ని మాత్రం ఆమెకే వదిలేస్తారు. ఎవరికి మరపు, ఎవరికి జ్ఞాపకం అన్న పంపకం కూడా కవర్ ఉన్నవారికి అనుకూలంగానే జరిగింది.

2021లో తెలంగాణ చౌకధరల దుకాణాల్లో వేలిముద్ర పడనివారి కోసం కంటిని చదివే యంత్రాన్ని వాడుకలోకి తెచ్చారు. తడి సిమెంటులోని క్షారం, ఇటుకల రాపిడి ఏళ్ల తరబడి తగిలితే వేళ్ల మీది గీతలు అరిగిపోతాయి. గల్ఫ్‌లో మేస్త్రీ పని చేసి వచ్చినవారిలో ఇది తరచు కనిపించేదే. అటువంటి మనిషి ముందు బొటనవేలు పెడతాడు. యంత్రం గుర్తుపట్టదు. డీలరు రెండో యంత్రాన్ని అందిస్తాడు. దాని ముందు కన్ను ఎలా పెట్టాలో, రెప్ప వేయకుండా ఎంతసేపు ఉండాలో అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు.